మూడు కాళ్ళ పట్టీ

"కోటు వేసుకోండి గ్రిజెల్‌గారూ. స్టేషన్‌కి వెళ్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హాల్కెట్.

సరిగ్గా ఆ మాట దగ్గరే నేను ఆర్డ్‌వోర్లిన్ కోట వంటింట్లో అడుగుపెట్టాను. పొయ్యి మీద సూపు అడుగంటుతోంది. దాన్ని దించాలని అక్కడున్న వాళ్ళెవరికీ తోచలేదు. నేనే దించాను.

"ఓహో, మెల్డ్రమ్! పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యావు కదయ్యా, ఇంట్లో కూర్చుని గులాబీలు పెంచుకోవచ్చుగా?" అన్నాడు హాల్కెట్, నా చేతిలో గరిటె చూసి.

"పెంచాను సార్. గొర్రెలు తినేశాయి. అందుకే ఇలా వచ్చా."

నన్ను ఫోన్ చేసి పిలిపించింది మార్సలీ. గొర్రెల డాక్టరు, గ్రిజెల్ కూతురు. ఆ అమ్మాయి తండ్రి ఎవరో ఈ లోయలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. లార్డ్ హెక్టర్, ఈ కోట దొరగారు. మార్సలీ పుట్టినప్పుడు ఆయనకీ పెళ్ళి కాలేదు, గ్రిజెల్‌కీ కాలేదు. ఆ తర్వాత కూడా ఇద్దరూ ఎవర్నీ చేసుకోలేదు. గ్రిజెల్ ఈ కోటలో ఇల్లు చూసుకుంటూ ఉండిపోయింది. ఇన్నేళ్ళకి, డెబ్భై దాటాక, దొరగారికి బుద్ధి పుట్టింది. శనివారం పెళ్ళి.

ఈరోజు గురువారం. నిన్న మధ్యాహ్నం నుంచి దొరగారు కనపడట్లేదు. కుక్కని తీసుకుని బయటికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. నిన్న సాయంత్రం నుంచి ఊరు ఊరంతా కొండ మీద వెతుకుతోంది. ఆ వయసులో ఇంకో రాత్రి బయట గడిపితే మనిషి దక్కడు. అది అందరికీ తెలుసు, అందుకే ఆ వంటింట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడట్లేదు.

"అమ్మని ఎందుకు తీసుకెళ్తున్నారు?" అంది మార్సలీ. తల్లికీ ఇన్‌స్పెక్టర్‌కీ మధ్యకి వచ్చి నిలబడింది.

"అబద్ధం చెబుతోంది కాబట్టి," అన్నాడు హాల్కెట్. "ఏదో దాస్తోంది. నిన్నటి నుంచి నేను ఏం అడిగినా మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంటోంది. ఏముందమ్మా అక్కడ?"

"మా అమ్మ గొలుసు," అంది గ్రిజెల్, కాలరు గట్టిగా పట్టుకుని.

హాల్కెట్ నాకు నచ్చడు. కానీ కళ్ళున్న మనిషి. నాకూ అక్కడ ఏదో ఉందనే అనిపించింది.

"సార్, ఒక్క మాట," అన్నాను. "దొరగారు పోతే గ్రిజెల్‌కి వచ్చేదేంటి?"

"ఏముంది, ఆస్తి."

"పెళ్ళి కాకుండానే? శనివారం దాకా ఆవిడ ఈ ఇంట్లో పనిమనిషే కదా."

హాల్కెట్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు.

"మీరు ఇంగ్లండ్‌లో చదువుకున్నారు. అక్కడి లెక్క వేరు," అన్నాను. "అక్కడ పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డకి బిరుదు ఎప్పటికీ రాదు. మన దగ్గర, ఈ ఎడిన్‌బరో చట్టం కింద, అలా కాదు. తల్లీ తండ్రీ తర్వాత ఎప్పుడు పెళ్ళి చేసుకున్నా చాలు, ఆ బిడ్డ పెళ్ళయ్యాక పుట్టినట్టే. మన పాత బిరుదులు చాలావాటికి ఆడపిల్లా వారసురాలే. అంటే శనివారం పెళ్ళి జరిగితే, దొరగారి తర్వాత ఈ కోటకి దొర ఎవరు?"

అందరూ మార్సలీ వైపు చూశారు. ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది, గొర్రెల వాసన ఎవరికో తగులుతుందన్నట్టు.

"జరక్కపోతే?" అన్నాడు హాల్కెట్, నెమ్మదిగా.

"ఇప్పుడున్న వారసుడే దొర. తమ్ముడి కొడుకు ఈవర్ బాబు."

"ఈవర్ నిన్నటి నుంచి నిద్ర లేకుండా కొండ మీద వెతుకుతున్నాడయ్యా! దొరగారు కొండెక్కడం చూసింది కూడా అతనే. గేటు దగ్గర రెండు మాటలు మాట్లాడుకున్నారట, ఆయన పైకి వెళ్ళాట్ట, ఈయన ఇంటికి వచ్చాట్ట."

"కొండెక్కితే కర్ర తీసుకెళ్ళరా?"

"ఏ కర్ర?"

నేను వసారా వైపు చూపించాను. అక్కడ గొడుగుల పీపాలో పొట్టేలు కొమ్ము పిడితో పొడుగాటి కర్ర ఉంది. లోపలికి వస్తూనే చూశాను. ఈ లోయలో పదేళ్ళ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, దొరగారు ఆ కర్ర లేకుండా కొండ మొదట్లో కూడా అడుగు పెట్టరని. ఆయన మోకాలు అలాంటిది.

గ్రిజెల్ లేచి వెళ్ళి ఆ కర్రని ముట్టుకుంది. "నిన్నటి నుంచి దీని పక్కనుంచే తిరుగుతున్నాను. నాకెందుకు కనపడలేదు?" అంది. కర్రని వదలకుండానే, "నాకేదీ కనపడట్లేదు మెల్డ్రమ్. పొద్దున జెండాల అంచు కుట్టుదామని కూర్చుంటే కత్తెర కూడా లేదు," అంది.

"ఏ జెండాలు?"

"హాల్లోవి. శనివారం కోసం."

"పదండి, చూద్దాం," అన్నాను.

"జెండాలా?" హాల్కెట్ నవ్వాడు. "ఒక మనిషి చావుబతుకుల్లో ఉంటే నువ్వు గుడ్డలు చూస్తానంటావా?"

"మీరు స్టేషన్‌కి వెళ్ళండి సార్. ఆవిణ్ణి మాత్రం హాల్లోంచి తీసుకెళ్ళండి, దగ్గర దారి."

ఆయన తిట్టుకుంటూ నా వెనకే వచ్చాడు.

హాల్లో దొరగారి పెద్ద కుర్చీ వెనక గోడకి రెండు జెండాలు వేలాడుతున్నాయి. ఎడమవైపుది దొరగారిది, కుడివైపుది వారసుడిది. రెండింటి మీదా నీలం బట్ట మీద తెల్ల ఓడ. ఈ వంశం గుర్తు అది.

నేను రెండింటినీ కాసేపు చూస్తూ నిలబడ్డాను. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

అదే తేడా.

"సార్, ఈ రెండూ ఒకలాగే ఉన్నాయా?"

"ఉన్నాయి. అయితే?"

"ఉండకూడదు. ఒకే గుర్తు ఇద్దరు పెట్టుకుంటే మన దేశంలో నేరం. దానికి ఎడిన్‌బరోలో కోర్టే ఉంది. తండ్రో పెదనాన్నో బతికున్నంత కాలం వారసుడి జెండా మీద పైన ఒక పట్టీ ఉండాలి. అడ్డంగా ఎర్ర పట్టీ, దానికి కిందకి మూడు కాళ్ళు. 'నేను ఇంకా దొరని కాదు, వెనక నిలబడ్డవాణ్ణి' అని చెప్పడానికి."

మార్సలీ కుర్చీ ఎక్కి జెండాని దగ్గరగా చూసింది. కిటికీ పక్కన ఏళ్ళ తరబడి వేలాడి బట్ట వెలిసిపోయింది. కానీ పైన ఒకచోట మాత్రం నీలం కొత్తగా, ముదురుగా ఉంది. అడ్డంగా ఒక గీత, కిందకి మూడు కాళ్ళు. చుట్టూ సూది కన్నాలు. రెండు చోట్ల తెగిన ఎర్ర దారం ఇంకా అతుక్కునే ఉంది.

"విప్పేశారు," అంది మార్సలీ.

"ఎప్పుడు?" అన్నాను. "సార్, నిన్న సాయంత్రం మీ కానిస్టేబుల్ గదులన్నీ ఫోటోలు తీశాడట కదా?"

హాల్కెట్ విసుగ్గా ఫోన్ తీశాడు. వేలితో తోస్తూ తోస్తూ ఆగిపోయాడు. బొమ్మని పెద్దది చేశాడు. నాకు చూపించకుండా తనే చాలాసేపు చూశాడు.

"ఎర్ర పట్టీ ఉంది," అన్నాడు చివరికి.

"అంటే రాత్రి విప్పారు. ఊరంతా ఆయన బతికే ఉన్నాడని కొండ మీద పేరు పెట్టి పిలుస్తున్న రాత్రి."

గ్రిజెల్ గోడకి ఆనుకుంది. "తెల్లారేలోగా విప్పాలి," అంది, ఎవరితోనో కాదు, తనలో తను. "పెద్దాయన పోయిన రోజు హెక్టర్ నా కత్తెరే అడిగి తీసుకున్నాడు. 'దొర పోయాక వారసుడు ఆ పట్టీ కింద ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు గ్రిజెల్, పడుకుంటే వాడూ పోతాడు' అన్నాడు. ఈ ఇంట్లో పిల్లలందరికీ వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట. ఈవర్ బాబుకి కూడా. చిన్నప్పుడు ఆ మాటకి భయపడి నా గదిలో పడుకునేవాడు."

దొరగారు పోయారని ఈవర్ రాత్రే అనుకున్నాడన్నమాట. హాల్కెట్ మాత్రం ఒప్పుకోలేదు.

"మెల్డ్రమ్, ఇది సాక్ష్యం కాదు. పట్టీకి పురుగు పట్టిందనీ, కొత్తది కుట్టిస్తాననీ అంటాడు. అప్పుడేం చేస్తావు? నేనొక చిన్నదొర మీద చెయ్యి వేసి, అతను దొర అయ్యాక నా ఉద్యోగం ఊడగొట్టుకోవాలా?"

"చెయ్యి వెయ్యొద్దు. టీ ఇప్పించండి చాలు."

ఈవర్ అప్పుడే కొండ దిగి వచ్చాడు. బూట్ల నిండా బురద, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నలభై ఏళ్ళుంటాయి గానీ ఆ పూట అరవై ఏళ్ళవాడిలా నడిచాడు. మార్సలీ ఇచ్చిన టీ కప్పుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏమైనా తెలిసిందా?" అన్నాడు.

"మీరు చెప్పాలి చిన్నదొరా," అన్నాను. "పై వాగు దాకా వెళ్ళారా?"

"అవతల కూడా చూశాం. ఏమీ లేదు."

"జెండా మీద పట్టీ ఏమైంది?"

కప్పు ఆగిపోయింది. "పాతదైపోయింది. శనివారానికి కొత్తది కుట్టిద్దామని తీశాను."

హాల్కెట్ నా వైపు 'చెప్పానా' అన్నట్టు చూశాడు.

"మంచిది," అన్నాను. "పాతది ఇవ్వండి, కొలత కావాలిగా. గ్రిజెల్ కుడుతుంది."

"పారేశాను."

"పారెయ్యలేదు బాబూ. పెద్ద దొరగారు పోయినప్పుడు నేను కుర్ర కానిస్టేబుల్‌ని. చర్చి గుమ్మంలో నిలబడి వచ్చిన వాళ్ళ గొడుగులు పట్టుకోవడం నా డ్యూటీ. హెక్టర్‌గారు వాళ్ళ నాన్న చేతి కింద, పెట్టెలో, ఆ ఎర్ర పట్టీ పెట్టడం నా కళ్ళతో చూశాను. మీరూ అక్కడే ఉన్నారు, చిన్నపిల్లాడు, నిక్కరు వేసుకుని. పట్టీ పోయిన దొరతో పాటు మట్టిలోకి వెళ్ళాలి. దాన్ని చెత్తలో వేసే ధైర్యం ఈ ఇంట్లో పుట్టిన ఎవరికీ లేదు. అది మీ దగ్గరే ఉంది."

ఈవర్ చెయ్యి దానంతటదే కోటు లోపలి జేబు మీదకి వెళ్ళింది. గుండె పట్టేసినట్టు అక్కడే ఉండిపోయింది.

"జేబు వెతకాలంటే వారెంటు కావాలి," అన్నాడు. మాట వినపడీ వినపడనట్టుంది.

"వద్దు," అన్నాను. "నాకు జేబుతో పని లేదు. ఒకటే అడుగుతాను. మీరు ఆయన ఊపిరి చూశారా?"

"ఏంటి?"

"పడిపోయినప్పుడు. వంగి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, ఊపిరి ఆడుతుందో లేదో చూశారా?"

ఈవర్ కప్పు కింద పెట్టాడు. మార్సలీ అతని ముందుకి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అన్నయ్యా," అంది. ఆ పిలుపు ఆమె నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. "చూశావా?"

"కదల్లేదు," అన్నాడు ఈవర్. "పిలిచాను. కదల్లేదు మార్సలీ. లోతు గొయ్యి. చీకటి. నేను తొయ్యలేదు, ఒట్టు. చెయ్యి విదిలించుకున్నాను, అంతే. ఆయన వెనక్కి... కుక్క ఒకటే మొరుగుడు. తలుపు వేసేశాను. ఆ మొరుగుడు వినలేక వేసేశాను."

"ఎక్కడ?" హాల్కెట్ కేకకి కిటికీ అద్దాలు అదిరాయి.

"మంచుకొట్టులో."

సరస్సు ఒడ్డున చెట్ల చాటున ఉంటుంది అది. వెనకటి దొరలు చలికాలంలో సరస్సు మీద మంచు కోసి, వేసవిలో వాడుకోవడానికి దాచిన కొట్టు. రాతి గోడలు, మధ్యలో లోతు గొయ్యి. కోట నుంచి దిగువకి. జనమంతా ఎగువకి వెళ్ళారు, ఈవర్ అటే చెయ్యి చూపించాడు మరి.

పరిగెత్తాం. నా వయసుకి అది పరుగో కాదో గానీ, మార్సలీ మాత్రం మందుల సంచీ భుజాన వేసుకుని కంచెలు దూకుతూ పోయింది. తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుంది. హాల్కెట్ దాన్ని భుజంతో మూడుసార్లు గుద్దాడు. ఖరీదైన కోటు చిరిగింది. మూడోసారికి తలుపు లోపలికి పడింది.

చీకటి. తడి ఆకుల వాసన. ఏ చప్పుడూ లేదు.

"నాన్నా!" అంది మార్సలీ. ఆ పిలుపూ నేను వినడం అదే మొదటిసారి.

ఏమీ లేదు. మేం ఆలస్యంగా వచ్చామనే అనుకున్నాను.

అప్పుడు గొయ్యి అడుగున, చాలా నీరసంగా, చిరాగ్గా, కుక్క ఒకసారి మొరిగింది.

హాల్కెట్ టార్చి వేశాడు. ఏళ్ళ తరబడి గాలికి కొట్టుకొచ్చిన ఎండాకులు అక్కడ నడుం లోతున పోగుపడి ఉన్నాయి. ఆకుల్లోంచి ఒక బూటు, ఒక టోపీ కనపడ్డాయి. టోపీకి దొరతనం గుర్తుగా పెట్టుకునే మూడు గద్ద ఈకల్లో ఒకటి విరిగింది. ఛాతీ మీద, కోటు లోపల దూరి, ఆ బొచ్చుకుక్క టాటీ మొహం ఒక్కటే బయటపెట్టింది.

"ఆ లైటు నా కళ్ళలో వేసినవాడెవడ్రా?" అన్నాడు లార్డ్ హెక్టర్.

హాల్కెట్ టార్చి పక్కకి తిప్పాడు. "సారీ దొరగారూ," అన్నాడు, ఆ తర్వాత గోడకి ఆనుకుని, ఎందుకో తెలీకుండా, గట్టిగా నవ్వేశాడు. నాకూ నవ్వొచ్చింది. మార్సలీ అప్పటికే గొయ్యిలోకి దూకేసింది.

కాలు విరిగింది. తలకి దెబ్బ. మిగతాదంతా చలి, ఆకలి, ఒళ్ళుమంట. తాళ్ళు వచ్చి, స్ట్రెచర్ వచ్చి, ఆయన్ని బయటికి తెచ్చేసరికి గ్రిజెల్ కంబళ్ళతో నిలబడి ఉంది.

"సూపు చల్లారిపోయిందా?" అన్నాడాయన.

"అడుగంటింది," అంది గ్రిజెల్. అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

కాస్త అవతల ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఈవర్ నిలబడి ఉన్నాడు. పెదనాన్న గొంతు వినగానే తడి గడ్డి మీద కూలబడిపోయాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, "బతికున్నాడు, బతికున్నాడు," అంటున్నాడు. బేడీలు పడిన మనిషి మొహంలో అంత తేలిక నేను నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. తనొక హంతకుడు కాదని అప్పుడే తెలిసినవాడి మొహం అది.

హాల్కెట్ గొంతు సవరించుకున్నాడు. "దొరగారూ, శనివారం పెళ్ళి ఆపడానికే ఇతను..."

"శనివారం పెళ్ళేంటి?" అన్నాడు దొరగారు. "అది చర్చిలో తంతు, విందు కోసం. ఊరి జనానికి చూపించొద్దూ? చెప్పు గ్రిజెల్, ఇంకా ఏం దాస్తావు."

గ్రిజెల్ కాలరు గుండీ విప్పింది. దారానికి కట్టిన సన్నటి బంగారు ఉంగరం బయటికి వచ్చింది.

"పోయిన నెల ఓబన్‌లో రిజిస్ట్రారు దగ్గర చేసుకున్నాం," అంది. "ఈవర్ బాబుకి తనే చెబుతానన్నారు, అందాకా నోరెత్తొద్దన్నారు. నిన్న ఆ మాట చెప్పాలనే ఇంట్లోంచి బయల్దేరారు."

"ఎవరి చెవినా పడకూడదని వాణ్ణి ఇటు తీసుకొచ్చాను. చెప్పనిస్తేగా!" అన్నాడు దొరగారు. "'ఈ పెళ్ళి మానుకో పెదనాన్నా' అని మొదలెట్టాడు. 'ఒరేయ్, పూర్తిగా విను' అంటే వినడు."

హాల్కెట్ గ్రిజెల్ వైపు తిరిగాడు. "నిన్న నాతో ఈ ఒక్క ముక్క అని ఉంటే మిమ్మల్ని ఇంత ఇబ్బంది పెట్టేవాణ్ణి కాదు కదమ్మా!"

"మా పెళ్ళయిందని చెబితే దొరగారు పోతే ఎవరికి లాభం? నా కూతురికి. మీరు దాన్ని పట్టుకెళ్ళేవాళ్ళు. నన్ను పట్టుకెళ్ళినా పర్లేదనుకున్నాను."

హాల్కెట్ కోటు చిరిగిన భుజం తడుముకున్నాడు. నా దగ్గరికొచ్చి, "ఏదో దాస్తోందని నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు.

"చెప్పారు సార్. అది మీ గొప్పే."

అంటే నెల రోజులుగా ఆ ఎర్ర పట్టీ ఈవర్‌ది కానే కాదు. తనది కాని పట్టీని, దొంగలా కత్తెర పట్టుకుని, చీకట్లో వణుకుతూ విప్పుకున్నాడు పాపం.

ఈవర్ తనే లేచి వచ్చాడు. బేడీల చేతులతో తంటాలు పడి లోపలి జేబులోంచి మడిచిన పట్టీ తీశాడు. స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని దొరగారి చేతిలో పెట్టాడు. దొరగారు చాలాసేపు అతన్ని చూశాడు.

"ఇది నా పెట్టెలో పెడదామనుకున్నావు కదరా?"

ఈవర్ తలూపాడు.

"మర్యాద మర్చిపోలేదు. అంతవరకు నయం," అన్నాడు దొరగారు. "మిగతాది జడ్జిగారు చూసుకుంటారు. తలుపు ఎందుకు వేశావో ఆయనకి చెప్పు. నాకు చెప్పకు, నేను ఏడుస్తాను."

కానిస్టేబుళ్ళు అతన్ని మెల్లగా నడిపించుకుపోయారు. దొరగారు ఆ ఎర్రగుడ్డని విప్పి, మోకాలి దాకా బురదతో పక్కన నడుస్తున్న కూతురి వైపు చాచాడు.

"ఇంద. నీ జెండాకి కుట్టుకో."

"నాకు జెండా ఎక్కడుంది?" అంది మార్సలీ.

"గోడ మీద ఖాళీగా వేలాడుతోందిగా."

మార్సలీ పట్టీ అందుకుంది. మూడు కాళ్ళనీ వేలితో సాఫు చేసింది. "నాకు గొర్రె చర్మం తప్ప ఇంకేదీ కుట్టడం రాదు నాన్నా," అంది.

గ్రిజెల్ చెయ్యి చాచి పట్టీ లాక్కుంది. "నేను కుడతాను గానీ," అంది, వెనక్కి తిరిగి ఈవర్ వెళ్ళిన వైపు గట్టిగా కేకేసింది. "బాబూ! నా కత్తెర ఎక్కడ పెట్టావ్?"